వేసవికి పలచటి గులాబి

వేసవి రంగును మేము చలికాలంలో తయారుచేస్తాం. కిటికీ అద్దాల మీద పొగమంచు పట్టి ఉండగానే, ఎండలు వచ్చాక ఆడవాళ్ల గోళ్ల మీద ఏ రంగు మెరవాలో తేలిపోవాలి. బట్టలవాళ్ల సంగతీ అంతే. చూడవచ్చినవాళ్లు మెడకు మఫ్లర్లు చుట్టుకుని కూర్చుని ఉంటే, చేతుల్లేని నూలు గౌన్లు వేసుకున్న అమ్మాయిలు ర్యాంప్ మీద వాళ్ల ముందునుంచి నడిచి వెళ్తారు. "మీ లోకంలో ఎప్పుడూ రేపటి ఎండే కాస్తుంది. ఇవాళ్టి చలి ఎవరికీ పట్టదు" అనేది మా ఆవిడ. నేను చెప్పబోయే వేసవి రంగు తన గోళ్ల మీదే తయారైంది. ఆ వేసవి వచ్చేసరికి తను లేదు.

నా పని నెయిల్ పాలిష్ కంపెనీలో రంగులు కలపడం. చిన్న కంపెనీ, మేమంతా మేడమ్ అని పిలిచే ఒకావిడ నడుపుతుంది. డిజైనర్లు కొత్త సీజన్ బట్టలు చూపించే ముందు మా దగ్గరికి వస్తారు. బట్టలకు నప్పే గోళ్లరంగు మేము చేసిస్తాం. ర్యాంప్ మీద నలుగురి కంట్లో పడిన రంగు తర్వాత దుకాణాలకు వెళ్తుంది. కాలేజీలో రసాయనశాస్త్రం చదివినవాణ్ని గనక ఏది ఎందులో ఎంత కలుస్తుందో నాకు తెలుసు. కానీ రంగు సీసాలో ఒకలా ఉంటుంది, తెల్ల అట్ట మీద ఒకలా, ప్లాస్టిక్ గోరు మీద ఇంకోలా. మనిషి గోరు మీదికి వచ్చాకే అది నిజం చెబుతుంది. పెళ్లైన కొత్తలో ఒకసారి సరదాకి మా ఆవిడ చెయ్యి లాక్కుని వేసి చూశాను. అప్పటినుంచీ ఆ చెయ్యే మా కంపెనీకి కొలత అయిపోయింది. నిడుపాటి వేళ్లు, గీతలు లేని నున్నటి గోళ్లు. నేను కొత్త రంగు పట్టుకెళ్తే మేడమ్ ఒకటే అడిగేది: "ఆవిడ చేతి మీద బాగుందా?"

ఇంట్లో వెనకగదిలో ఉత్తరం వైపు ఒక పెద్ద కిటికీ ఉంది. ట్యూబ్‌లైట్ కింద రంగు అబద్ధమాడుతుంది కాబట్టి అసలు పనంతా ఆ కిటికీ దగ్గరే. చుట్టూ అరల్లో సీసాలు. ఇంటికి వచ్చినవాళ్లు ఆ వాసనకి ముక్కు ఎగబీల్చేవాళ్లు. మాకు వాసన అనేది ఒకటుందనే తెలిసేది కాదు. ప్రతి రంగుకీ "ఇంకొక్క చుక్క" అంటుంటానని కంపెనీలో నాకు ఒక్కచుక్క అని పేరు పెట్టారు. ఆ పేరు ఇంటిదాకా మోసుకొచ్చింది మా అమ్మాయి. దానిదీ ఈ లోకమే. షోలకు ముందు మోడళ్ల గోళ్లు దిద్ది రంగు వేసే పని.

ఆ చలికాలం డిజైనర్ నేరుగా మా ఇంటికే వచ్చాడు. పొడుగ్గా, సన్నగా, ఎంత ఉన్ని చుట్టుకున్నా వణికిపోయే మనిషి. వేడి టీ కప్పుని రెండు చేతులతో పట్టుకుని, "నాకు ఈసారి రంగు వద్దండీ" అన్నాడు.

వంటింట్లోంచి మా ఆవిడ గొంతు వచ్చింది. "నెయిల్ పాలిష్ వాళ్లింటికొచ్చి రంగు వద్దంటావేం బాబూ? చెప్పులకొట్టుకెళ్లి చెప్పులు వద్దన్నట్టుంది."

అతను నవ్వాడు. "అది కాదమ్మా. పోయిన సీజన్ అంతా చూశారుగా. వంకాయ రంగు, కాఫీగింజ రంగు, ఎవరి చేతులు చూసినా సిరాలో ముంచి తీసినట్టే. జనానికి మొహం మొత్తింది. నా బట్టలు ఈసారి తెల్లవి, పలచటివి. గోరు మీద పాలిష్ వేసినట్టే తెలియకూడదు. పొద్దున్నే లేచి చన్నీళ్లతో మొహం కడుక్కున్న పిల్ల గోరుంటుంది చూడండి, లోపలి రక్తం కనబడీ కనబడకుండా... అలా కావాలి. గోరులో ప్రాణం కనబడాలి."

"దానికి పాలిష్ ఎందుకు, కంటినిండా నిద్రపోతే చాలదూ?" అంటూ తను బిస్కట్ల పళ్లెం తెచ్చి పెట్టింది. తన గోళ్లకి అప్పటికింకా వంకాయ రంగే ఉంది. ముదురు రంగు ఎన్నాళ్లకి పెచ్చులూడుతుందో చూడటానికని కొన్ని వారాలుగా వేస్తూ, పోయినచోట మళ్లీ దిద్దుతూ వచ్చాను.

అతను వెళ్లాక రిమూవర్‌తో ఆ రంగు తుడిచాను. అడుగున గోళ్లు కాస్త నీలంగా, మసకగా కనిపించాయి.

"మరక పడింది" అన్నాను.

"మీ వంకాయ పుణ్యమే" అంది.

ముదురు రంగు చాలాకాలం ఉంచి తీస్తే గోరుకి మరక మిగలడం మామూలే. మెత్తటి ఆకురాయితో కాస్త రుద్దాను. పోలేదు. గోరు పెరిగితే అదే పోతుంది లెమ్మంది. నేనూ అలాగే అనుకున్నాను.

పలచటి రంగు చెయ్యడం అన్నిటికంటే కష్టం. ముదురు రంగు కింద ఏమున్నా కప్పేస్తుంది. పలచటిదైతే కింద ఉన్న గోరుతో కలిసిగాని రంగు కాదు. సగం పని సీసాది, సగం పని మనిషిది. మొదటి మిశ్రమం తన గోటి మీద బూడిద పూసినట్టు వచ్చింది. ఎర్ర చుక్క వేశాను. మెరుగైంది గానీ ప్రాణం లేదు. ఇంకో చుక్క. తర్వాత పసుపు సూదిమొనతో తాకించాను. ఆరనివ్వడం, కిటికీ దగ్గర చూడటం, తుడవడం, మళ్లీ మొదలు. తెల్ల తువ్వాలు మీద చేతులు పరిచి తను ఓపిగ్గా కూర్చునేది. ఆ రోజుల్లో గోడకి తల ఆనించి కళ్లు మూసుకునేది.

"అలసటగా ఉందా?"

"ఊరికే కూర్చున్నదానికి అలసటేమిటి? మీరు కానివ్వండి. ఎక్కడో ఇటుకలు మోస్తున్నట్టు అడుగుతారు."

ఒక మధ్యాహ్నం అమ్మాయి వచ్చి తల్లి చెయ్యి పట్టుకుని అటూ ఇటూ తిప్పింది. "నాన్నా, అమ్మ గోళ్లు చూడు. ఈ మధ్య ఎంత గుండ్రంగా తిరిగాయో. వాచీ అద్దాల్లా. మోడళ్లు ఇలాంటివి అడిగి మరీ పెట్టించుకుంటారు, తెలుసా?"

"ఈ వయసులో అందం వస్తోందన్నమాట" అంది మా ఆవిడ. "ఆలస్యంగానైనా దారి కనుక్కుని వచ్చింది, పాపం."

ముగ్గురం నవ్వుకున్నాం. ఆ గుండ్రటి గోళ్ల మీద రంగు నిజంగానే అందంగా కూర్చునేది.

చివరికి ఒకరోజు ఆ గులాబి కుదిరింది. అది వేసిన చెయ్యి చూస్తే మామూలు చెయ్యే అనిపిస్తుంది. మళ్లీ చూస్తే, ఇంత మామూలు చెయ్యి ఇంత బాగుందేమిటా అనిపిస్తుంది. డిజైనర్ వచ్చి మా ఆవిడ చేతిని కిటికీ దగ్గర ఎత్తి పట్టుకుని ఒక్కొక్క వేలే చూశాడు. ఆఖరికి "ఇదే" అన్నాడు. "ఈ చెయ్యి నాకిచ్చెయ్యండమ్మా."

"ఇంకెక్కడి చెయ్యి నాయనా? దాన్ని ఎప్పుడో ఒకాయన పట్టుకుని కూర్చున్నాడు. వదిలితే కదా" అంది నావైపు చూపిస్తూ.

షో రోజున తనని కూడా రమ్మన్నాను. ఇన్ని సీజన్లకు చేతులిచ్చింది గాని, ఒక్కసారీ ర్యాంప్ చూడలేదు. ఇంట్లో ఉన్నవాటిలో మంచి బట్టలు తీసి, పైన ఉన్ని కోటు తొడుక్కుంది. ఆ హాలు ఒకప్పటి గిడ్డంగి. సామాన్లెత్తడానికి కట్టిన మెట్లు నిటారుగా ఉంటాయి. సగం ఎక్కాక తను ఆగిపోయింది.

"మీరు పదండి. నేను మెల్లగా వస్తాను."

"ఏమైంది?"

"ఏమీ కాలేదు. ఈ కోటు నాకంటే బరువుగా ఉంది. వెళ్లండి, అక్కడ మీకోసం చూస్తుంటారు."

నేను చేతిలో సీసాల పెట్టెతో నిలబడి ఉండగానే, జుట్టు నిండా క్లిప్పులతో, గళ్ల దుప్పటి భుజాల మీద కప్పుకున్న ఒక పొడవాటి అమ్మాయి పైనుంచి దిగివచ్చి మా ఆవిడ పక్కన మెట్టు మీద కూర్చుంది. "నాక్కూడా ఈ మెట్లంటే పడదాంటీ. ఇద్దరం కలిసి ఎక్కుదాం" అంది. ఆ పిల్ల మోడల్. కాసేపట్లో జనం ముందు నడవాల్సిన మనిషి, అక్కడ అంత తీరిగ్గా ఎందుకు కూర్చుందో నాకు తెలియదు. అలాంటివాళ్లు దారిలో తగులుతూ ఉంటారు. మనకు వాళ్ల పేర్లు కూడా తెలియవు.

తెర వెనక గదిలో అద్దాల చుట్టూ బల్బులు, ఇస్త్రీ పెట్టెల ఆవిరి, హ్యాంగర్లకు వేలాడుతున్న తెల్ల గౌన్లు. అమ్మాయి అప్పటికే మొదటి మోడల్ చెయ్యి ముందేసుకుని కూర్చుంది. నన్ను చూడగానే, "నాన్నా, ఇలా రా" అంది. గొంతులో ఏదో తేడా ఉంది.

ఆ పిల్ల గోళ్ల మీద గులాబి లేదు. ఇటుక రంగు ఉంది. కాల్చిన ఇటుకని నీళ్లలో నానబెట్టినట్టు.

"ఇంకో సీసా తియ్యి" అన్నాను. తీసింది. వేరే అమ్మాయి చేతికి వేసింది. మళ్లీ ఇటుకే. నా బొటనవేలికి వేసుకున్నాను. అదే.

డిజైనర్ వచ్చి చూశాడు. చలి మనిషికి చెమట పట్టింది. "ఇది కాదు. నేను చూసింది ఇది కాదు. సార్, ఇది మీ ఇంట్లో చూసిందే అంటారా?"

"సీసాలు తారుమారయ్యాయేమో?" అంది మేడమ్. "నింపేటప్పుడు ఎవరైనా పొరపాటు చేశారేమో చూడండి."

ఇంతలో ఆ దుప్పటి పిల్ల భుజం పట్టుకుని మా ఆవిడ లోపలికి వచ్చింది. సంగతి విని, కోటు చెయ్యి పైకి లాక్కుని, వేళ్లు చాపింది. "నా మీద వేసి చూడండి. తేలిపోతుంది."

నేనే వేశాను, అదే సీసాలోది. ఒక పూత, ఆరాక ఇంకో పూత.

గులాబి. ఇంట్లో కిటికీ దగ్గర చూసిన గులాబే.

"హమ్మయ్య, రంగులో తేడా లేదన్నమాట" అంది మేడమ్. ఆ మాట అన్నాక మా ఆవిడ వేళ్లవైపు మళ్లీ చూసింది.

అమ్మాయి దూదికి రిమూవర్ అద్ది తల్లి గోటి మీది రంగు తుడిచింది. తర్వాత పక్క గోరు. తర్వాత మిగిలినవి. ఆ చేతిని మోడల్ చేతి పక్కన పెట్టింది. నా చెయ్యి లాగి దాని పక్కన పెట్టింది. తన చెయ్యి కూడా పెట్టింది. ఎక్కడా నీడ పడనివ్వని ఆ బల్బుల కింద చేతులన్నీ వరసగా ఉన్నాయి. అందులో ఒక్క చెయ్యే నీలంగా, చలికాలంలో ఉంది.

"అమ్మా, చలేస్తోందా?"

"చలేమిటే, ఇక్కడ ఉక్కపోస్తుంటే. అది మరక. పోయిన సీజన్‌ది."

"అవును. మరకే" అంది అమ్మాయి. కానీ చెయ్యి వదల్లేదు. గోటి మీద తన బొటనవేలితో నొక్కి, వదిలి, చూసింది. మళ్లీ నొక్కింది.

నేను సీసాకి మూత పెట్టాను. బిగుసుకున్నాక కూడా ఇంకా తిప్పుతూనే ఉన్నానట. మేడమ్ తర్వాతెప్పుడో చెప్పింది.

మా ఆవిడే ముందు తేరుకుంది. "ఎంతసేపు నా చెయ్యే చూస్తారు? అక్కడ పిల్లలు గౌన్లేసుకుని నిలబడున్నారు. ఏం బాబూ, వేసినట్టు తెలియకూడదనేగా నువ్వన్నావు? అయితే వెయ్యకు. ఉన్న రంగు తుడిచేసి, ఒట్టి మెరుపు రాసి పంపించు. నీక్కావలసింది వీళ్ల గోళ్లలోనే ఉంది. చూసుకో."

డిజైనర్ మా ఆవిడవైపు చూశాడు, ఆ పిల్లల చేతులవైపు చూశాడు. అమ్మాయి అప్పటికే రంగులేని సీసా మూత తీస్తోంది.

తెర అంచు పట్టుకుని ఇద్దరం షో చూశాం. తెల్లటి బట్టల్లో ఒక్కొక్కరే వెళ్తున్నారు, చేతులు రెండు పక్కలా వదిలేసి. "ఎంత హాయిగా ఉన్నాయో వాళ్ల చేతులు" అంది మా ఆవిడ. మాట మధ్యలో ఒకసారి ఊపిరి తీసుకుంది. అదివరకూ అలాగే తీసుకునేదేమో, నాకు వినబడింది మాత్రం ఆ రోజే.

ఆస్పత్రిలో నర్సు అలవాటు ప్రకారం "పాలిష్ ఉంటే తుడిచెయ్యండి" అంటూ వచ్చి, వేలికి ఆక్సిజన్ కొలిచే క్లిప్పు తగిలించింది. డాక్టరు కుర్రవాడు. వీపు మీద పెట్టబోయేముందు స్టెతస్కోప్ బిళ్లని అరచేతుల మధ్య కాసేపు వెచ్చబెట్టాడు. చాలాసేపు విన్నాడు. ఎక్స్‌రే ఫొటోలు తీయించాడు. మర్నాడు మళ్లీ రమ్మని, తలుపు దగ్గరికి వేసి చెప్పాడు.

"ఊపిరితిత్తులు లోపల గట్టిపడుతున్నాయమ్మా. మీరు గాలి పీలుస్తున్నారు గాని అది రక్తానికి అందడం లేదు. గోళ్లు అలా నీలంగా అవడం, గుండ్రంగా తిరగడం అందుకే."

"గుండ్రంగా ఉన్నాయని మురిసిపోయాం" అంది. తర్వాత అడిగింది. "తగ్గేదేనా?"

అతను కాగితాల వైపు చూడలేదు. మా ఆవిడవైపే చూసి చెప్పాడు. "తగ్గదమ్మా. నెమ్మదించడానికి మందులిస్తాను. ఆయాసం బాధ తెలియకుండా చూడగలం."

"వేసవి దాకా ఉంటానా?"

"చూద్దాం" అన్నాడు.

తను బట్టలు సర్దుకుంటుంటే నేను బయట అతన్ని అడిగాను, ముందే తెలిసి ఉంటే ఏమైనా ఉండేదా అని. "ముందు తెలిసినా పెద్ద తేడా ఉండేది కాదండీ" అన్నాడు. అది నిజమో, నా మొహం చూసి అన్న మాటో, ఆ తర్వాత నేనెప్పుడూ కనుక్కోలేదు. అలాంటి మాటని ఇచ్చినట్టే తీసుకోవాలి.

ఆటోలో ఇంటికి వస్తుంటే తను అంది. "మంచి పిల్లాడు. అబద్ధం చెప్పలేదు. స్టెతస్కోప్ వెచ్చబెట్టాడు, చూశారా?"

"చూశాను."

"వాళ్లమ్మ బాగా పెంచింది."

పత్రికల్లో ఆ షో గురించి పెద్దపెద్దగా రాశారు. వంకాయ రంగుల రోజులు పోయాయనీ, ఈ వేసవి గోరంటే ఒట్టి గోరేననీ, అలంకారాన్ని వదులుకోవడంలోనే అందం ఉందని ఆ డిజైనర్ కనిపెట్టాడనీ. అమ్మాయి మంచం పక్కన కూర్చుని గట్టిగా చదివి వినిపించింది. మేడమ్ కంపెనీలో రంగులేని పాలిష్ సీసాలు నింపలేక సతమతమైంది.

"అలంకారాన్ని వదులుకోవడమట" అంది మా ఆవిడ. "ఆ రాసినావిడకి ఫోన్ చేసి చెప్పవే, అది ఒకావిడ ఆయాసంలోంచి పుట్టిందని."

"చెబితే నమ్మదమ్మా."

"నమ్మకపోతే పోయె. వీధిలో ఎవరి చేతులు చూసినా నేనే గుర్తొస్తాను మీకు. అంత ప్రచారం ఎవరికొస్తుంది?"

అమ్మాయి పత్రిక మడిచి నవ్వింది. నవ్వుతూనే లేచి వంటింట్లోకి వెళ్లింది. అక్కడ కుళాయి చాలాసేపు తిప్పి ఉంది.

తర్వాత ఇంట్లో ఆక్సిజన్ యంత్రం పెట్టించాలన్నారు. బిగించడానికి వచ్చినతను గుమ్మంలోనే ఆగి, ముక్కు ఎగబీల్చాడు. "ఈ వాసనేంటి సార్?"

"పాలిష్ రంగులు. నా పని అదే."

"అయితే ఇక్కడ పెట్టలేను సార్. అవన్నీ అంటుకునే సరుకు. ఆక్సిజన్ ఉన్న ఇంట్లో చిన్న నిప్పురవ్వ చాలు. ముందు అవి ఇల్లు దాటాలి."

ఆ రోజే ఇల్లు దాటించాం. మేడమ్ బండి పంపింది. అరల్లోంచి ఒక్కొక్క సీసా తీసి అట్టపెట్టెల్లో సర్దుతుంటే, తను మంచం మీదనుంచి ఒక్కొక్కదాన్నీ చూపించమంది. "ఆ ఎర్రది మనమ్మాయి పుట్టిన ఏడాదిది. ఆ పచ్చది ఎవ్వరూ కొనలేదు, మీరు వారం రోజులు అన్నం సరిగ్గా తినలేదు. అదిగో, ఆ వెండి రంగు... అది వేసుకుని మీ అక్కయ్య ఇంటికెళ్తే, చేతులకి తగరం చుట్టుకొచ్చావేమిటే అంది." ఒక్కొక్క మాటకీ ఆగి ఊపిరి తీసుకుంటూ అన్ని సీజన్లూ చెప్పింది. పెట్టెలు మోసే అతను తొందరపెట్టలేదు. చేతిలో పెట్టెతో గుమ్మంలో నిలబడి, తను చెప్పడం అయ్యేదాకా విని, అప్పుడు వెళ్లేవాడు.

వెనకగది కిటికీ తలుపులు బార్లా తీశాం. చలిగాలి ఇల్లంతా తిరిగింది. సాయంత్రానికి వాసన పోయింది. మా కాపురం మొదలైనప్పటినుంచీ ఇంట్లో ఉన్న ఆ వాసన, పోయాకే నాకు తెలిసింది.

"ఎవరింట్లోనో చుట్టాలుగా ఉన్నట్టుంది" అంది తను, ముక్కుకి గొట్టం పెట్టించుకుని. కాసేపాగి, "ఇటు రండి" అంది. వెళ్తే నా చొక్కా అంచు పట్టుకుని మొహం దగ్గరికి లాక్కుంది. "ఇదన్నమాట మీ వాసన. ఇన్నాళ్లూ రిమూవర్ వాసనే మీదనుకున్నాను."

"ఎలా ఉంది?"

"సబ్బు. కొంచెం చెమట. బానే ఉంది, ఉంచుకోవచ్చు."

మేడమ్ చూడటానికి వచ్చినప్పుడు పనిమాటే ఎత్తలేదు. పళ్లు తెచ్చి, వాతావరణం గురించి మాట్లాడి, చెప్పులేసుకోబోతుంటే మా ఆవిడే అడిగింది. "వచ్చే సీజన్‌కి ఎవరి చెయ్యి చూస్తున్నారు?"

మేడమ్ నావైపు చూసింది. "ఇంకా అనుకోలేదండీ. మీరు లేవండి ముందు."

"నేను లేచేదాకా ఆగితే మీ కొట్టు మూసుకోవాల్సిందే. ఒక మాట చెబుతా వినండి. ఎవరిదైనా సరే, ఒకే చెయ్యి చూడకండి. నల్లవాళ్లవి, తెల్లవాళ్లవి, కుర్రవాళ్లవి, ముసలివాళ్లవి, నాలుగైదు చేతులు పక్కపక్కన పెట్టి చూడండి. ఈయన ఒప్పుకోడు, ఒకే చెయ్యి అలవాటైన మనిషి. మీరే గట్టిగా చెప్పాలి."

మేడమ్ తల ఊపింది. ఇప్పుడు మా కంపెనీలో అలాగే చూస్తున్నాం.

అమ్మాయి కొన్ని షోలు వదులుకుని మా దగ్గరే ఉండిపోయింది. నేను పొద్దున్నే లేవగానే తన మంచాన్ని కిటికీ వైపు జరిపి, చెయ్యి తీసుకుని వెలుతురులో చూసేవాణ్ని. వేలికి తగిలించిన క్లిప్పు ఏవో అంకెలు చూపించేది. నాకు ఆ అంకెలతో పనిలేదు. గోరు అంచున రంగు ఎక్కడిదాకా వచ్చిందో, నిన్నటికి ఇవాళ్టికి ఎంత మారిందో చూడగానే తెలిసిపోయేది. ఒక్కో పొద్దున మెరుగ్గా ఉండేది. ఆ రోజు టీ రుచిగా ఉండేది, అమ్మాయి మీద జోకులు వేసేవాణ్ని. రంగు దిగిపోయిన రోజు మాటలు తక్కువ. ఇంట్లో వాతావరణమంతా తన గోటి చివర ఉండేది. తను మాత్రం చెయ్యి ఇచ్చి, నా మొహంలో సంగతి చదువుకునేది.

ఒక పొద్దున మామూలుగా మంచం జరిపాను. చలి విరగడం మొదలైంది. ఎదురింటివాళ్లు అప్పుడే ఉన్ని దుప్పట్లు ఉతికి ఆరేస్తున్నారు. నేను తన చెయ్యి తీసుకుని వెలుతురు వైపు తిప్పబోయాను.

తను పిడికిలి మూసేసింది.

నొప్పేమోననుకున్నాను. మెల్లగా వేళ్లు విప్పబోతే ఇంకా బిగించింది. అంత బలం ఎక్కడిదో.

"ఏమిటి?" అన్నాను.

"చాలు" అంది. కాసేపు గాలి తీసుకుంది. "పెళ్లైన దగ్గర్నుంచీ... చేతులే చూశారు. పైకి చూడండి."

చూశాను.

గొట్టం ఒరిసి రెండు చెంపల మీదా గీతలు పడ్డాయి. ఎడమ కనుబొమలో ఒక్క వెంట్రుక తెల్లబడి, మిగతావాటికంటే పొడుగ్గా, అడ్డదిడ్డంగా తిరిగి ఉంది. అది ఎప్పటినుంచి ఉందో నాకు తెలియదు. కళ్లు మాత్రం నవ్వడానికి సిద్ధంగా ఉన్నాయి, నేనేదో తెలివితక్కువ మాట అంటానని ఎదురుచూస్తున్నట్టు.

"ఎలా ఉన్నాను?"

"బాగున్నావు."

"అబద్ధాలకోరు" అంది.

పిడికిలి అలాగే ఉంది. నేను దాన్ని విప్పలేదు. రెండు చేతుల్లోకి తీసుకుని, తన మొహం చూస్తూ కూర్చున్నాను. టీ కప్పులతో వచ్చిన అమ్మాయి మమ్మల్ని చూసి, చప్పుడు చెయ్యకుండా వెనక్కి వెళ్లిపోయింది. కిటికీ వెలుతురు గది చివరిదాకా పాకింది. లోపల రంగు ఎలా ఉందో నాకు తెలియదు. నేను చూడలేదు.